చిన్న వంతెనకు ఇంత ఆలస్యమా? చీఫ్ ఇంజనీరు గారికి బహిరంగ లేఖ

చీఫ్ ఇంజనీరు గారూ, నమస్కారం.

చిన్న వాగు మీద వంతెన కూలినా, కొత్తది వచ్చేదాకా జనం నెలల తరబడి చుట్టూ తిరిగి పోవాల్సి వస్తోంది. సెంట్రింగ్ కొట్టడం, కాంక్రీటు పోయడం, అది గట్టిపడేదాకా ఆగడం, వీటికే బోలెడు టైం పోతుంది. ఇది తప్పించే పద్ధతులు ఎప్పుడో వచ్చాయి సార్.

బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీలో పుట్టిన ఫ్లెక్సీఆర్చ్ అనే కమాను వంతెన పద్ధతినే చూడండి. ఫ్యాక్టరీలో పోతపోసిన కాంక్రీటు దిమ్మెలను వరసగా పేర్చి, పైన పాలిమర్ పొరతో కలిపి, బల్లపరుపుగానే లారీ మీద తెస్తారు. క్రేన్ ఎత్తగానే దిమ్మెల బరువుకే సందులు మూసుకుపోయి కమాను దానంతట అదే వంగుతుంది, కింద సెంట్రింగ్ అక్కర్లేదు, తుప్పు పట్టడానికి లోపల ఇనుమూ ఉండదు. అమెరికాలోని మెయిన్ అనే రాష్ట్రంలో 2008లో నీల్ బ్రిడ్జికి ఫైబర్ గొట్టాలను గాలితో ఉబ్బించి, కమానులా వంచి, రెసిన్‌తో (గట్టిపడే జిగురులాంటిది) బిగిసేలా చేసి, లోపల కాంక్రీటు నింపారు.

రోడ్డు కింద సొరంగమైనా అంతే. లోతు తక్కువైతే తవ్వి, ప్రీకాస్ట్ (ముందే పోతపోసిన) కమాను ముక్కలు దించి, మట్టి కప్పేయొచ్చు. రెండువైపులా సమానంగా నింపాలి, ఒకవైపే నింపితే కమాను ఒరుగుతుంది, అక్కడ మాత్రం కాంట్రాక్టరు మీద కన్నేసి ఉంచాలి.

కమాను పక్కలకు తోస్తుంది, పునాది కదిలితే నిలవదు. కాబట్టి మట్టి పరీక్షలు ముందే చేయించి, వచ్చే టెండర్లలో చిన్న వంతెనలకైనా ఈ పద్ధతులు చేర్చండి.