తమ్ముడు మన ఇంటికే వస్తాడు

హనుమకొండ

చిరంజీవి సౌభాగ్యవతి స్వాతికి, నాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సోమవారం పరిశీలక గృహం (కేసు విచారణలో ఉన్న పిల్లలను ఉంచే చోటు) నుంచి రానున్న తమ్ముణ్ణి కొన్నాళ్ళు కరీంనగర్‌లో మీ పిన్ని దగ్గర ఉంచితే, ఈలోగా వాడకట్టులో మాటలు సద్దుమణుగుతాయని రాశావు. వాడి మీద ప్రేమతోనే రాశావని తెలుసు. అయినా వాడు మన ఇంటికే వస్తాడు, బిడ్డా.

వాడి మంచి నడవడికి పూచీగా బాండు మీద సంతకం చేసినది నేను. పిల్లల కేసులు విచారించే బాలల న్యాయ మండలి వాణ్ణి, తప్పు రుజువైన పిల్లలను ఉంచే స్పెషల్ హోమ్‌కు పంపకుండా, ఏడాదిపాటు ప్రొబేషన్ మీద, అంటే మంచి నడవడి షరతుతో, తండ్రి సంరక్షణలో ఉంచుతూ ఉత్తర్వు ఇచ్చింది. ఆ రోజు నేను కోర్టు బోనును ఊహించుకుంటూ వెళ్ళాను. తీరా చూస్తే ఒక మామూలు గదిలో మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు మాకు సమానమైన ఎత్తులో కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. వారిలో ఒకావిడ, వాడు ఏ నెలలో బడి మానేశాడని అడిగారు. నేను చెప్పలేకపోయాను. మోటారు సైకిళ్ళు దొంగిలించినది వాడే, అందులో దాచేదేమీ లేదు. కానీ నాలుగు నెలలుగా బడికి వెళ్ళని కొడుకు రోజంతా ఎక్కడ ఉంటున్నాడో తెలుసుకోని తండ్రిని నేను. వాణ్ణి పరిశీలక గృహంలో ఉంచిన తర్వాత కూడా, పరువు పోయిందన్న కోపంతో మొదటి ఐదు వారాలు చూడడానికి వెళ్ళలేదు. మీ అమ్మ ఒక్కతే వెళ్ళి వచ్చేది. ఇప్పుడు మరొకరి ఇంటికి పంపితే, ఆ ఐదు వారాలను నేనే పొడిగించినట్టవుతుంది.

పోలీసు రికార్డు వాడి జీవితాంతం వెంటాడుతుందని నీవు భయపడ్డావు. 2015 నాటి బాలల న్యాయ చట్టం, పదహారేళ్ళు దాటినవారిని ఘోర నేరాలకు పెద్దవారిగా విచారించిన సందర్భాల విషయం వేరుగా ఉంచి, ఇలాంటి కేసు వల్ల బాలుడికి ఏ అనర్హతా కలగకూడదని, అప్పీలు గడువు ముగిశాక ఆ రికార్డును నాశనం చేయాలని 24వ సెక్షన్‌లో చెబుతోంది. ముగిసిన కేసు వివరాలను క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు వెల్లడించకూడదని 74వ సెక్షన్ అంటుంది. బాల్యంలోని కేసును కారణంగా చూపి ఒక అభ్యర్థికి సి.ఐ.ఎస్.ఎఫ్. (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) ఉద్యోగం నిరాకరించినప్పుడు, 2019లో సుప్రీం కోర్టు ఆ అభ్యర్థి పక్షానే నిలిచింది. ఆ చట్టం పిల్లల విషయంలో నిందించే మాటలే వాడవద్దంటుంది. మనం ఇంట్లో కోపంలో వాణ్ణి ఎన్ని మాటలన్నామో తలచుకుంటే నాకు నిద్ర పట్టదు.

నీ భయాలలో నేను కాదనలేనిది ఒకటుంది. వాణ్ణి వెంట తిప్పుకున్న పెద్ద కుర్రవాళ్ళిద్దరూ బెయిలు మీద వచ్చి, మళ్ళీ అదే పాన్ డబ్బా దగ్గర నిలబడుతున్నారు. అయితే అలాంటివారు కరీంనగర్‌లో మాత్రం ఉండరా? ఖాళీగా ఉన్న సాయంత్రాలే వాణ్ణి అక్కడికి నడిపించాయి కనుక ఆ సాయంత్రాలను నింపాలి. ఉదయం ఓపెన్ స్కూల్ పదో తరగతి చదువు, సాయంత్రం మన పాత పరిచయస్థుడి బండ్ల మెకానిక్ షాపులో పని నేర్చుకోవడం. బండ్లు దొంగిలించిన పిల్లవాణ్ణి బండ్ల దగ్గరికే పంపుతావా అని అడుగుతావేమో. తమ్ముణ్ణి అడిగి, వాడు సరేనన్న తర్వాతే ఆయనకు జరిగినదంతా చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, తాళంచెవులు తన దగ్గరే ఉంచుకుంటానని, పని మాత్రం నేర్పుతానని అన్నాడు. నాకు అది న్యాయంగానే తోచింది. ప్రొబేషన్ ఆఫీసర్ కూడా అప్పుడప్పుడు ఇంటికి వచ్చి చూస్తారు.

వాడు తప్పుతాడేమో నాకు తెలియదు. ఆలస్యంగా వచ్చిన ప్రతి రాత్రీ నాకు అనుమానం కలుగుతుంది. దాన్ని వాడి ముఖం మీద చూపకుండా, ఎక్కడికి వెళ్ళావురా అని మామూలుగా అడగడం నేను నేర్చుకోవాలి.

మీ అత్తవారింట్లో చెప్పాలో వద్దో నీవూ, అల్లుడూ కలిసి నిర్ణయించుకోండి. నేను బలవంతం చేయను. రాఖీ పండుగకు మాత్రం తప్పక రావాలి. పోయిన పండుగకు అక్క ఫోన్ చేసిందా అని వాడు అమ్మను రెండుసార్లు అడిగాడట. వచ్చేటప్పుడు నీ పదో తరగతి గణితం నోటుపుస్తకాలు తీసుకురా. ఇక్కడ అటక మీద వెతికాను, దొరకలేదు.

నాన్న