జీతం జప్తులో వెయ్యి రూపాయల మినహాయింపును సవరించాలి

సంపాదకుల వారికి నమస్కారం.

నెల జీతం అందేలోపు అవసరానికని సెల్‌ఫోన్ యాప్‌లో అప్పు తీసుకొని, గడువులోగా కట్టలేకపోయిన చిరుద్యోగులకు "నీ జీతం అటాచ్ చేయిస్తాం" అన్న బెదిరింపు తరచుగా ఎదురవుతోంది. ఒక ప్రైవేటు సంస్థ జీతాల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి, కోర్టు జప్తు ఉత్తర్వులను నా చేతులతో అమలు చేసినవాడిగా ఈ విషయం రాస్తున్నాను.

అప్పు ఇచ్చిన సంస్థ, ఉద్యోగి యాజమాన్యానికి ఫోన్ చేసినంత మాత్రాన జీతం జప్తు కాదు. దావా వేసి, డిక్రీ (బాకీ కట్టాలన్న కోర్టు తీర్పు) పొంది, దాని అమలుకు ఇ.పి. (అమలు పిటిషన్) దాఖలు చేసిన తరువాత కోర్టు ఉత్తర్వు మీద మాత్రమే జప్తు మొదలవుతుంది. అప్పుడు కూడా, భరణం డిక్రీలను మినహాయిస్తే, నెల జీతంలో మొదటి వెయ్యి రూపాయలను, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులను ముట్టరాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతోంది. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు జప్తు సాగాక ఆ డిక్రీకి ఇక జీతం మీద అధికారం ఉండదు. కూలీల వేతనాలకు, ఇళ్లలో పనిచేసేవారి వేతనాలకు పూర్తి రక్షణ ఉంది. ఈ మినహాయింపులను వదులుకుంటున్నానని ఉద్యోగి సంతకం చేసి ఇచ్చినా అది చెల్లదు. షరతులు చదవకుండా యాప్‌లో "అంగీకరిస్తున్నాను" అని నొక్కినవారు ఈ మాట తప్పక తెలుసుకోవాలి.

నా అభ్యంతరమంతా ఆ వెయ్యి రూపాయల గురించే. 1999 నాటి సవరణ చట్టం నాలుగు వందల రూపాయలను వెయ్యికి పెంచగా, 2002 జూలై 1 నుంచి అది అమలులోకి వచ్చింది. ఆ తరువాత బియ్యం ధర, ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఎంత పెరిగినా ఆ అంకె కదలలేదు. నెలకు 16,000 రూపాయల జీతగాడికి నేటి లెక్కన 5,000 కోత పడి 11,000 మిగులుతుంది. మొదటి మినహాయింపు 10,000 అయితే కోత 2,000 మాత్రమే. మా సంస్థలో ఒక గుమస్తా జప్తు పోను మిగిలిన జీతం చాలక, మూడో నెలలోనే మరో యాప్‌లో అప్పు తీసుకోవడం నేను చూశాను. ఆ జీతం పట్టీ తయారు చేసింది నేనే కాబట్టి ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

అమెరికాలో సమాఖ్య చట్టం ఈ మినహాయింపును కనీస వేతనంతో ముడిపెట్టింది: గంట కనీస వేతనానికి 30 రెట్ల మొత్తాన్ని వారం జీతంలో ముట్టరాదు. అయితే అక్కడి సమాఖ్య కనీస వేతనమే 2009 నుంచి 7.25 డాలర్ల దగ్గర ఆగిపోయినందున ఆ రక్షణ కూడా పలచబడింది. మన రాష్ట్రాల కనీస వేతనాల్లో ధరల సూచీని బట్టి మారే కరువు భత్యం (వి.డి.ఎ.) ఉంది గనుక, మినహాయింపును దానితో కలిపి కడితే ఆ ఇబ్బంది రాదు. అప్పు ఇచ్చినవారికి వసూలు ఆలస్యమవుతుందన్నది నిజమే గాని, జీతం స్లిప్పు చూసి నిమిషాల్లో అప్పు ఇచ్చేవారు ఆ జీతంలో ఇల్లు గడవడానికి ఎంత కావాలో కూడా లెక్క వేసుకోవడం న్యాయం.

యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులను, ఫోటోలను చూడకుండా రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అవి మంచివే. అయితే జప్తు పరిమితి రిజర్వు బ్యాంకు చేతిలోని పని కాదు. సివిల్ ప్రొసీజర్, కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టాలు చేయగల రాజ్యాంగం ఉమ్మడి జాబితాలో ఉంది కాబట్టి, పార్లమెంటు కదిలేదాకా ఆగకుండా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలే సవరణ చేసి రాష్ట్రపతి ఆమోదానికి పంపవచ్చు. రాబోయే సమావేశాల్లోనే ఆ బిల్లు పెట్టాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అకౌంటెంటు,
ఖమ్మం