బుజ్జికి నాన్న రాసేది

బుజ్జీ,

ఇక్కడ అందరం బాగున్నాం. ఊడ్పులు అయిపోయాయి, కాలవకి నీళ్లు బాగానే వస్తున్నాయి. చిన్నత్త వాళ్ల గేదె ఈనింది, జున్ను పంపింది. నువ్వుంటే గిన్నె మిగిలేది కాదు.

నీ స్టేటస్‌లో పాము ఫొటో చూశానని సుధ చెప్పింది. మాకు కనపడలేదు. మాకు కనపడకుండా పెట్టావని అమ్మ అంటోంది, నేను అలా అనుకోవడం లేదు. పని ఎక్కువై ఉంటుంది. ఫోన్ చెయ్యకపోవడానికీ అదే కారణం అయ్యుంటుంది.

బాల్ పైథాన్ అట కదా, చిన్న రకం కొండచిలువ. దాని గురించి చదివాను. విషం లేదు, పశ్చిమ ఆఫ్రికా జీవి, బాగా చూసుకుంటే 20, 30 ఏళ్లు బతుకుతుంది. అన్నేళ్లంటే నీ ఉద్యోగాలు, ఇళ్లు మారడాలు, పెళ్లి... సరే, ఆ మాట ఎత్తనని అమ్మకి చెప్పాను. మన పాముల్ని ఇక్కడ పెంచితే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. టెక్సస్‌లో ఫరవాలేదేమో గానీ, నీ అపార్ట్‌మెంట్ అగ్రిమెంట్‌లో ఏం రాశారో ఒకసారి చూసుకో.

ఫొటోలో అది నీ మెడలో ఉందట. కొత్తగా తెచ్చిన పాముని కనీసం వారం పాటు ముట్టుకోకూడదు తల్లీ. రెండు మూడు సార్లు సరిగ్గా తిన్నాకే చేతిలోకి తీసుకో, అదీ పది నిమిషాలు. తిన్న తర్వాత రెండు రోజులు దాని జోలికి పోకు, కక్కేస్తుంది.

ఇది పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. పాత ఇంట్లో వడ్ల గాదె కింద జెర్రిపోతు ఉండేది. ఎలుకల్ని పడుతుందని తాతయ్య దాన్ని ఎవరినీ కొట్టనిచ్చేవారు కాదు. నాగుల చవితికి నాయనమ్మ పుట్టలో పాలు పోసి వస్తే, పాము పాలు తాగదే అని ఆయన, నీకేం తెలుసని ఆవిడ, ఆ గొడవ ఏటా ఉండేదే. ఒక వేసవిలో కోటయ్య పెదనాన్న, అప్పటికి మీసాలు రాని కుర్రాడు, పొట్ట ఉబ్బి బద్ధకంగా పడున్న జెర్రిపోతుని మా అందరి ముందూ తోక పట్టుకుని ఎత్తాడు. అది గిలగిల్లాడి, మింగిన ఎలుకని వాడి కాళ్ల మీదే కక్కి గాదె వెనక్కి దూరిపోయింది. ఆ కంపు పోయేదాకా నాయనమ్మ వాణ్ణి బావి దగ్గరే నిలబెట్టి నీళ్లు గుమ్మరించింది. తాతయ్య కొట్టలేదు. "దాని నోటి కాడ కూడు తీశావు కదరా" అన్నారంతే. తర్వాత చాలా రోజులు అది కనపడలేదు. కనపడేదాకా ఆయన రోజూ పడుకోబోయే ముందు లాంతరు పట్టుకుని గాదె కింద వంగి చూసేవారు.

ఎలుక లావు పాము నడుం లావుకి మించకూడదు. పాము పిల్లదైతే వారానికొకటి, పెద్దదయ్యాక రెండు మూడు వారాలకొకటి చాలు. బతికున్నది వెయ్యకు, తిరగబడి పామునే కొరుకుతుంది. గడ్డకట్టింది తెచ్చి ఫ్రిజ్‌లో కరగనిచ్చి, సంచీలో పెట్టి వేడినీళ్లలో వెచ్చబెట్టి, పొడవాటి పట్టకారుతో అందించు. మైక్రోవేవ్‌లో మాత్రం వద్దు. పెట్టెలో ఒక వైపు 90 డిగ్రీల ఫారన్‌హీట్, రెండో వైపు 80 లోపు ఉండాలి, రెండు వైపులా దాక్కునే చోటుండాలి. హీటర్‌కి వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకపోతే ఈ రోజే కొను. కళ్లు పాలిపోయాయంటే కుబుసం విడవబోతోందని, అప్పుడూ ముట్టుకోకు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో, సాల్మొనెల్లా అనే రోగక్రిమి అంటుకుంటుంది.

కొత్త చోట అది తిండి మానేస్తుందట. టెన్షన్ పడకు, బరువు చూస్తూ ఉండు, తగ్గుతుంటే డాక్టరుకి చూపించు. ఇల్లు మారాక నువ్వు కూడా సరిగ్గా తినడం లేదని రాజు అన్నాడు. రాత్రిళ్లు కార్న్‌ఫ్లేక్స్‌తో సరిపెడుతున్నావట. నిజమేనా? కుక్కర్ పాడైతే కొత్తది కొనుక్కో. ఒంటరిగా అనిపించి పాముని తెచ్చుకున్నావా? అయినా తప్పు లేదు, నాకు చెప్పొచ్చు కదా.

ఆదివారం వీడియో కాల్ చెయ్యి. దాన్నీ చూపించు, అమ్మ భయపడదు, నేను చెప్పి ఉంచాను. వచ్చే నెల రవి వస్తున్నాడు, కందిపొడి, గోంగూర పచ్చడి పంపుతున్నాం. ఆ ఎలుకలు పెట్టే ఫ్రీజర్‌లో నీ తిండి పెట్టకు. వాటికి చిన్నది వేరేగా కొనుక్కో, డబ్బులు కావాలంటే అడుగు.

నాన్న