కాలేజీలోనే పని ఇప్పించండి

సంపాదకులకు,

అమెరికా వెళ్లిన మన పిల్లలు యూనివర్సిటీ లైబ్రరీ కౌంటర్లోనో, డైనింగ్ హాల్లోనో పని చేస్తారు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల దాకా క్యాంపస్‌లో పని చేసుకోవచ్చు. అక్కడ గిన్నెలు కడిగినా చెప్పుకుంటాం; అదే ఇక్కడి కాలేజీలో అయితే పరువేం కాను అంటాం! మహారాష్ట్రలో భావూరావ్ పాటిల్ 1919లో స్థాపించిన రయత్ శిక్షణ్ సంస్థ అనే విద్యాసంస్థ, పని చేస్తూ చదువుకునే పద్ధతిని ఎప్పుడో నడిపి చూపింది.

మన డిగ్రీ కాలేజీల్లోనూ లైబ్రరీ, ల్యాబ్, హాస్టల్ మెస్ లెక్కలు రోజుకు ఓ రెండు గంటలు విద్యార్థులకు అప్పగించవచ్చు. పుస్తకం దొరకలేదని కసురుకునేవాడికి నిదానంగా జవాబు చెప్పడం, స్టాక్ రిజిస్టర్లో తేడా ఎక్కడొచ్చిందో పట్టుకోవడం, మిగిలిన పనిని తర్వాతి షిఫ్టు వాళ్లకు అర్థమయ్యేలా అప్పజెప్పడం రేపు ఏ ఉద్యోగంలోనైనా పనికొస్తాయి. వేలు పోసి సాఫ్ట్ స్కిల్స్ కోచింగ్‌లో కూర్చుంటే ఇవి రావు.

అయితే సేవ పేరుతో ఊరికే చేయించుకోకూడదు. గంటకింత అని బ్యాంకు ఖాతాలో వేయాలి. పరీక్షల ముందు సెలవివ్వాలి. చేసిన పనేమిటో రాసి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఖాళీగా ఉన్న లైబ్రేరియన్ పోస్టులను పిల్లలతో నెట్టుకురావాలని చూస్తే మాత్రం అసలుకే మోసం. వచ్చే విద్యా సంవత్సరం కొన్ని ప్రభుత్వ కాలేజీల్లోనైనా ఉన్నత విద్యామండలి దీన్ని మొదలుపెట్టాలి.

ఒక విశ్రాంత లైబ్రేరియన్, ఖమ్మం