పోర్టు పేర్లు మార్చింది మీరు, రిపోర్టులో తప్పు మాదా?

హైదరాబాద్

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

విషయం: సర్వర్‌లో కార్డు బిగించాక నెట్‌వర్క్ పోర్టుల పేర్లు మారిపోవడం, ఆ తప్పును మా మీద వేస్తూ రిపోర్టు రాయడం గురించి.

అయ్యా,

సనత్‌నగర్‌లో మాది మందుల హోల్‌సేల్ సంస్థ. బిల్లింగ్ అంతా మీ దగ్గర కొన్న సర్వర్ మీదే నడుస్తుంది. గత శనివారం సాయంత్రం మీ ఇంజినీరు వచ్చి అందులో స్టోరేజ్ కార్డు బిగించి, పనిలో పనిగా బయోస్ (సర్వర్ ఆన్ అవగానే ముందుగా నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) కూడా అప్‌డేట్ చేసి వెళ్లారు. సర్వర్ ఆన్ అయింది కదా అని నేనూ సంతకం పెట్టేశాను. పింగ్ చేసి, అంటే నెట్‌వర్క్ అందుతోందో లేదో పరీక్షించి చూడకపోవడం నా పొరపాటే, ఒప్పుకుంటాను.

ఉప్పల్‌లో ఇంటికి చేరి అన్నానికి కూర్చున్నానో లేదో గోదాము నుంచి ఫోన్: బిల్లులు రావట్లేదు. మళ్లీ బండి తీశాను. మానిటర్ తగిలించి చూస్తే, పొద్దున దాకా ఈఎన్‌పీ59ఎస్0ఎఫ్0గా ఉన్న పోర్టు ఈఎన్‌పీ61ఎస్0ఎఫ్0 అయి కూర్చుంది. దాని పక్కదీ అంతే. రెండింటినీ కలిపి ఒకే లింకుగా చేసిన బాండ్‌లో పాత పేర్లే ఉన్నాయి మరి, నెట్‌వర్క్ ఎలా వస్తుంది?

ఈ పేర్ల సంగతి నాకు తెలియనిది కాదు. పోర్టులకు ఈథ్0, ఈథ్1 అని పేర్లుండే రోజుల్లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) మూల భాగమైన కెర్నల్ ఏ పోర్టును ముందు గుర్తిస్తే అదే సున్నా. రీబూట్ చేస్తే ఒక్కోసారి తారుమారయ్యేవి. 2013లో, లినక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ 197వ వెర్షన్‌తో, కార్డు ఉన్న చోటును బట్టి పేరు పెట్టే పద్ధతి వచ్చింది. మా పోర్టు పేరులో 59 అంటే పీసీఐ బస్ (కార్డులను బోర్డుకు కలిపే దారి) నంబర్. కార్డుల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌లో అదే బస్ హెక్సాడెసిమల్‌లో (పదహార్ల లెక్కలో, అందులో బీ అంటే పదకొండు) 3బీ అని కనిపిస్తుంది. రాత్రి పదకొండింటికి అట్టముక్క మీద మూడు పదహార్లు నలభై ఎనిమిది, పదకొండు కలిపితే యాభై తొమ్మిది అని లెక్కలు వేసుకున్నాను. కొత్త కార్డు వల్ల బస్ నంబర్లు జరిగితే పేరూ జరుగుతుంది. వీటిని ముందే ఊహించగల పేర్లు అంటారు. ఊహించాల్సింది ఎవరో మాత్రం చెప్పరు.

ఆ పద్ధతి మీరు పెట్టింది కాదు, దాని మీద మీతో పేచీ లేదు. కానీ మీ ఫర్మ్‌వేర్ (ఆ బయోసే) నెట్‌వర్క్ కార్డు ఉన్న స్లాట్ నంబరును సిస్టమ్‌కు సరిగ్గా చెప్పి ఉంటే ఈఎన్ఎస్‌తో మొదలయ్యే పేరు వచ్చేది. బస్ నంబర్ మారినా ఆ పేరు మారేది కాదు. బోర్డు మీది పోర్టులదీ ఇదే వరస. ఈథ్‌టూల్ కమాండ్‌తో ఈఎన్ఓ1 (అంటే బోర్డు మీది ఒకటో పోర్టు) లైటు వెలిగిస్తే, మీరు వెనకవైపు 3 అని అచ్చేసిన పోర్టు దగ్గర మెరుస్తోంది!

ఒంటిగంటకు మ్యాక్ అడ్రస్‌లను (ఒక్కో పోర్టుకు ఉండే సొంత గుర్తింపు నంబర్లను) బట్టి, పోర్టు పేరును నిర్ణయించే లింక్ ఫైళ్లు రాసి, మేమే సొంత పేర్లు పెట్టుకున్నాం. మీ హెల్ప్‌లైన్ మాత్రం "ఓఎస్ మా పరిధిలోకి రాదు సార్" అని ఫోన్ పెట్టేసి, కస్టమర్ కాన్ఫిగరేషన్ లోపం అని రాసి టికెట్ మూసేసింది. ఆ ఫోన్‌కు రూ.3,500 బిల్లు కూడా పంపారు.

ఆ టికెట్ మళ్లీ తెరిచి, రిపోర్టు సరిచేసి, బిల్లు రద్దు చేయండి. స్లాట్ నంబర్లు, పోర్టు నంబర్లు సరిచేసిన ఫర్మ్‌వేర్ ఎప్పుడిస్తారో చెప్పండి. కార్డు ముట్టుకునే ముందు పోర్టుల పేర్లు, మ్యాక్ అడ్రస్‌లు రాసుకోమని మీ ఇంజినీర్లకు చెప్పండి.

మా రెండో సర్వర్‌లో ఇదే కార్డు బిగించడానికి వచ్చే శనివారం మీవాళ్లు రావాలి. రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా ఆ విజిట్ ఆపుతున్నాను.

ఇట్లు,
సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్