విహార పేజీల్లో కుటుంబాలకు కావలసిన వివరాలూ ఉండాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. సెలవులు దగ్గరపడగానే మీ పత్రికతో సహా అన్ని పత్రికలూ విహార స్థలాల మీద ప్రత్యేక పేజీలు వేస్తాయి. వాటిని దాచిపెట్టుకుని మరీ చదివే పాఠకుల్లో నేనూ ఉన్నాను. జలపాతం ఎంత ఎత్తునుంచి దూకుతుందో, కొండ మీద సూర్యోదయం ఎంత మనోహరంగా ఉంటుందో ఆ పేజీలు చక్కగా చెబుతాయి. అయితే చంటిబిడ్డనో, బడిపిల్లలనో, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లనో వెంటబెట్టుకుని బయలుదేరే కుటుంబానికి ముందుగా తెలియవలసిన సంగతులు మాత్రం వాటిలో కనిపించవు. వాహనం దిగిన చోటునుంచి ఎంత నడవాలి, మధ్యలో మెట్లున్నాయా, నీడ ఎక్కడ, మరుగుదొడ్లు ఉన్నాయా, ఉంటే వాటిలో నీళ్లు వస్తాయా, పిల్లలు దిగే నీటి లోతెంత అన్న ప్రశ్నలకు జవాబు చెప్పని వర్ణన ఎంత అందంగా ఉన్నా, అది ఒంటరి ప్రయాణికుడికి పనికివచ్చినంతగా కుటుంబానికి పనికిరాదు.

ముందు నడక సంగతి చెబుతాను. ‘సులువైన కొండదారి’ అని రాసినప్పుడు అది ఎవరి కాళ్లకు సులువో వ్యాసకర్త చెప్పడు. కొండదారుల్లో పట్టే సమయాన్ని అంచనా వేయడానికి స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక లెక్క చెప్పాడు. మైళ్లలో, అడుగుల్లో ఆయన చెప్పిన దాన్ని ఉజ్జాయింపుగా మన కొలతల్లోకి మారిస్తే, ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఆపైన ఎక్కవలసిన ప్రతి 300 మీటర్ల ఎత్తుకు మరో అరగంట అవుతుంది. ఆ ప్రకారం 300 మీటర్లు ఎక్కవలసిన 6 కిలోమీటర్ల దారికి సుమారు గంటా నలభై నిమిషాలు చాలు. కాని అది ఎక్కడా ఆగకుండా నడిచే ఆరోగ్యవంతుడి లెక్క. ఐదేళ్ల పిల్లవాడు మొదటి మలుపులోనే గొంతుక్కూర్చుని, పురుగు రెక్కను ఈడ్చుకుపోతున్న చీమల బారును చూస్తూ ఉండిపోతాడు. ఆ రెక్క రాయి ఎక్కి అవతలికి దిగేదాకా కదలడు. పెద్దలు శిఖరం కోసం వచ్చి ఉండవచ్చు గాని, వాడు వచ్చింది చీమల కోసమే. కాబట్టి దూరంతోపాటు ఎత్తు ఎంతో రాయాలి, చిన్నపిల్లలతో వెళితే రెట్టింపు సమయమైనా చేతిలో ఉంచుకోమని హెచ్చరించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, వెళ్లిన దారినే తిరిగి రావచ్చా లేక చుట్టు తిరిగి రావలసిన దారా అన్నది చెప్పాలి. మొదటి రకం దారిలో పిల్లలు అలసిన చోటునుంచే వెనక్కి మళ్లవచ్చు; రెండో రకంలో సగం దాటిన తరువాత వెనక్కి తిరిగినా దూరమే, ముందుకు వెళ్లినా దూరమే.

నీటి సంగతి ఇంతకన్నా బరువైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలే. ఆ ఏడాదే ఐక్యరాజ్యసమితి జూలై 25ను మునక మరణాల నివారణ దినంగా ప్రకటించింది. ఆ ఒక్క రోజున వార్త వేసి ఊరుకోవడం కన్నా, వాగు గురించో తీరం గురించో రాసిన ప్రతిసారీ నాలుగు వాక్యాలు జోడించడం వల్ల మేలు ఎక్కువ. మునిగిపోతున్న పిల్లవాడు కేకలు వేస్తాడని, చేతులు ఊపుతాడని చాలామంది అనుకుంటారు. నిజానికి ఊపిరి అందని బిడ్డ అరవలేడు. తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టం దగ్గర తేలుతూ మునుగుతూ, చప్పుడు లేకుండా ఒక నిమిషంలోపే మునిగిపోవచ్చు. ఒడ్డున పదిమంది పెద్దవాళ్లున్నా ‘ఎవరో ఒకరు చూస్తున్నారులే’ అనుకుంటే ఎవరూ చూడనట్టే లెక్క. చిన్నపిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి ఫోను పక్కన పెట్టి, చేయి చాపితే అందేంత దూరంలో ఉండాలి.

సముద్రతీరాల విషయంలో మరో మాట చెప్పాలి. చుట్టూ కెరటాలు విరుగుతుండగా మధ్యలో ఒకచోట మాత్రం నీరు ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తే, పిల్లలను దింపడానికి అదే మంచి చోటని తల్లిదండ్రులకు అనిపించడం సహజం. తరచుగా అది ఒడ్డునుంచి లోపలికి లాగే రిప్ కరెంట్ అవుతుంది. అందులో చిక్కుకున్నవారు ఒడ్డువైపు ఎదురీది అలసిపోకుండా, తీరానికి సమాంతరంగా ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు మళ్లాలి. ఈ సంగతిని చిన్న బొమ్మతో సహా తీరాల వ్యాసం పక్కనే వేస్తే బాగుంటుంది. గజ ఈతగాళ్లు కాపలా ఉండే తీరమేదో, ఏ వేళల్లో ఉంటారో కూడా చెప్పాలి.

ఎండ గురించి రాసేవారు ‘మంచినీళ్లు, టోపీ తీసుకెళ్లండి’ అని సరిపెట్టుకుంటారు. ఎండలోని హానికర కిరణాల తీవ్రతను చెప్పే అతినీలలోహిత సూచిక 3 గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటే ఒంటికి రక్షణ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఆ సూచిక చేతిలో లేనివారికి నీడే కొలత: మన నీడ మనకన్నా పొట్టిగా ఉన్నంతసేపు ఎండ తీవ్రంగా ఉన్నట్టే. అందుచేత ఒక తోటనో కొండనో పరిచయం చేసేటప్పుడు, ఏ పూట ఏ వైపు నీడ ఉంటుందో చెప్పడం వర్ణనలో భాగమే కావాలి. ఉరుము వినబడితే చెట్టు కిందికి కాకుండా పక్కా భవనంలోకో, మూసిన కారులోకో చేరాలని, చివరి ఉరుము తరువాత అరగంట ఆగాలని రాయడానికి రెండు వరుసలు చాలు.

స్థలాల ఎంపిక గురించి కూడా నాకొక అసంతృప్తి ఉంది. పెద్ద వినోద పార్కులకు ప్రకటనలు ఎలాగూ ఉంటాయి. వాటికి మళ్లీ పూర్తి పేజీ ఎందుకో నాకు అర్థం కాదు. రాసినా, ఏ ఆటకు ఎంత ఎత్తు ఉండాలో చెప్పరు. అరగంట వరుసలో నిలబడ్డాక కొలత పట్టీ దగ్గర రెండు అంగుళాలు తక్కువని వెనక్కి పంపితే, ఆ బిడ్డ ఏడుపును సముదాయించడానికే మిగతా పూట సరిపోతుంది. దగ్గరలో ఉన్న వృక్షశాలలు, జంతు ప్రదర్శనశాలలు, చెరువు గట్లు పూట వ్యవధిలో చూసి ఇంటికి రాగలిగినవి, వాటికి మాత్రం చోటు దొరకదు. ఇవేమీ తక్కువ రకం వినోదాలు కావు. 1545లో ఇటలీలోని పాదువాలో నెలకొల్పిన వృక్షశాల, 1752లో వియన్నాలోని షోన్‌బ్రున్‌లో మొదలైన జంతు ప్రదర్శనశాల నేటికీ అదే చోట సందర్శకులను ఆహ్వానిస్తున్నాయి. జంతువులకు మేత పెట్టే వేళ తెలిస్తే పిల్లలకు ఒక్క పూటలోనే కడుపు నిండినంత సంతోషం. ఆ వేళ మాత్రం ఏ పేజీలోనూ ఉండదు.

ప్రతి విహార వ్యాసం పక్కన ఒక చిన్న గడి కేటాయించి నడక దూరం, ఎత్తు, మెట్లు, నీడ, మరుగుదొడ్లు, తాగునీరు, నీటి లోతు, దగ్గరలోని ఆసుపత్రి వివరాలు వేయవలసిందిగా కోరుతున్నాను. చక్రాల కుర్చీ, పసిపిల్లల తోపుడు బండి వెళ్లగలవో లేదో కూడా అందులో ఉండాలి. అక్కడికి వెళ్లివచ్చిన పాఠకులే వీటిని సంతోషంగా రాసి పంపుతారు. వాటిని ఏ నెలలో సరిచూశారో కింద తప్పక వేయండి. వేసవిలో మోకాలి లోతున్న వాగు వానల తరువాత మనిషి లోతు పారుతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు