లేహ్‌కి ఆ డబ్బా పట్టుకెళ్లకు

హైదరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. మూడు పేజీల్లో రెండున్నర పేజీలు బండి గురించీ టైర్ల గురించీ రాశావు. చివర్లో మాత్రం "ఐపాడ్ క్లాసిక్ కూడా తీసుకెళ్తున్నా, 160 జీబీ పాటలు, రాత్రిళ్లు టెంట్‌లో విసుగుండదు" అని ఒక్క ముక్క పడేశావు. నాకు టెన్షన్ అక్కడే మొదలైంది. బండి సంగతి నాకెలాగూ తెలియదు కాబట్టి ఉత్తరమంతా ఆ డబ్బా గురించే, ఓపిగ్గా చదువు.

నా పాత తెల్ల ప్లేయర్ గుర్తుందా, 30 జీబీది? కోఠి బస్సు ఫుట్‌బోర్డు మీంచి జారి రోడ్డు మీద పడితే పరిగెత్తి ఏరుకొచ్చింది నువ్వే. మూలన చిన్న సొట్ట పడింది తప్ప పాట కూడా ఆగలేదు. ఇక దీనికి చావు లేదనుకున్నాను. తర్వాత ఒకరోజు ఇంట్లో మంచం మీద కూర్చుని కంప్యూటర్‌లోంచి పాటలు ఎక్కిస్తున్నాను. వైరు కాలికి తగిలి అది షాబాద్ బండల మీద పడింది. నిండా రెండడుగుల ఎత్తు కూడా లేదు. అంతే, టక్... టక్... టక్. జగదీశ్ మార్కెట్‌కి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "గయా భాయ్" అని చేతిలో పెట్టేశాడు. పాపం, డబ్బులు కూడా అడగలేదు.

రోడ్డు మీద పడితే బతికింది, మంచం మీంచి పడితే పోయింది, ఎందుకు? లోపల ఉండేది 1.8 అంగుళాల హార్డ్ డిస్క్. అందులో పాటలుండే పళ్లెం నిమిషానికి 4,200 సార్లు తిరుగుతుంది. చదివే హెడ్ ఆ పళ్లేన్ని తాకదు, పలచటి గాలి పొర మీద తేలుతుంది. ఆ సందు వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. తిరుగుతున్నప్పుడు గట్టి దెబ్బ తగిలితే హెడ్ వెళ్లి పళ్లేన్ని గీకేస్తుంది. అయితే ఈ ప్లేయర్లు చేసినవాళ్లు తెలివైనవాళ్లు. నాలుగైదు పాటలు ఒక్కసారే మెమరీలోకి లాక్కుని, డిస్క్‌ని ఆపేసి, హెడ్‌ని పక్కన గట్టు మీద నిలబెట్టేవాళ్లు. 2001లో వచ్చిన మొట్టమొదటి 5 జీబీ ఐపాడ్‌లోనే అందుకని 32 ఎంబీ మెమరీ పెట్టారు, కుదుపులున్నా ఇరవై నిమిషాలు పాట ఆగదని చెప్పుకున్నారు. బస్సులో పడ్డప్పుడు నా డిస్క్ నిద్రపోతోందన్నమాట. పాటలు ఎక్కించేటప్పుడు దానికి నిద్రెక్కడిది?

ఇప్పుడు నీ అలవాటు చూడు. పల్లవి అయ్యేలోపు పాట మార్చేస్తావు. (హాస్టల్లో రేడియో కూడా అంతేగా, ఎవ్వరినీ ఏదీ పూర్తిగా విననిచ్చేవాడివి కాదు.) అలా దాటేస్తూ పోతే మెమరీలో పెట్టుకున్నవి అయిపోతాయి, డిస్క్ మాటిమాటికీ లేవాలి. నీ దగ్గర దానికి విశ్రాంతి తక్కువే.

దీనికి తోడు లేహ్. హెడ్ తేలేది గాలి మీదేనని చెప్పానుగా. ఎత్తుకెళ్లే కొద్దీ గాలి పలచబడుతుంది, ఆ సందు ఇంకా తగ్గుతుంది. అందుకే ఇలాంటి డిస్కులకు, హార్డ్ డిస్క్ ఐపాడ్‌లకు కూడా, వాడేటప్పుడు 3,000 మీటర్లే హద్దని రాస్తారు. లేహ్ ఊరే 3,500 మీటర్ల దాకా ఉంది, ఖర్దుంగ్‌లా కనుమ 5,000 దాటుతుంది. ఆఫ్ చేసి సంచిలో పడేస్తే ఏమీ కాదులే, కానీ వినడానికేగా నువ్వు తీసుకెళ్లేది. విమానంలో పనిచేసిందిగా అంటావేమో. విమానం లోపల గాలి ఒత్తిడిని 2,400 మీటర్ల ఎత్తుకి మించకుండా చూస్తారు, అది వేరే లెక్క.

పెన్ డ్రైవుల్లో, ఫోన్ కార్డుల్లో ఉండే ఫ్లాష్ మెమరీకి ఈ గొడవలేవీ లేవు. తిరిగేదీ తేలేదీ లేదు. చిప్పు గదుల్లో విద్యుదావేశం బంధించి ఉంటుంది, అంతే. 2005లో ఫ్లాష్‌తో ఐపాడ్ నానో రాగానే, బుల్లి హార్డ్ డిస్కుతో నడిచే ఐపాడ్ మినీని పక్కన పెట్టేశారు. తమాషా ఏమిటంటే మొదటి ఐపాడ్‌కి హార్డ్ డిస్క్ చేసిచ్చింది తోషిబా, ఫ్లాష్ మెమరీ పుట్టింది కూడా ఆ తోషిబాలోనే, ఫుజియో మసువోకా చేతిలో.

"రాసి రాసి ఫ్లాష్ అరిగిపోతుందట" అని నువ్వు అప్పట్లో వాదించేవాడివి. అరుగుతుంది, కాదనను. కానీ అరిగేది రాసినప్పుడు, విన్నప్పుడు కాదు. చవక చిప్పులు కూడా వందల సార్లు, మంచివైతే వేల సార్లు చెరిపి రాయడాన్ని తట్టుకుంటాయి. నెలకోసారి మొత్తం చెరిపి కొత్త పాటలు నింపినా పదేళ్లకి 120 సార్లే. ముందు బ్యాటరీ పోతుంది. నా చిన్న ఫ్లాష్ ప్లేయర్‌కి అదే అయింది, సొరుగులో పడుండి బ్యాటరీ ఉబ్బి మూత లేచిపోయింది. రిపేరు షాపులో ఆ బ్యాటరీ తీయించి చూస్తే పాటలన్నీ భద్రంగా ఉన్నాయి.

అయినా ఫ్లాష్‌ని గుడ్డిగా నమ్మకు. హార్డ్ డిస్క్ చాలాసార్లు పోయేముందు మూలుగుతుంది, టకటకమంటుంది, కాపీ తీసుకోమని నోరు తెరిచి అడిగినట్టే. ఫ్లాష్‌లో చదవడం, రాయడం నడిపించే కంట్రోలర్ చిప్ పోతే ఒక్క మాట కూడా చెప్పదు. అక్క పెళ్లి ఫొటోలున్న నా పెన్ డ్రైవ్ పొద్దున పనిచేసింది, సాయంత్రానికి కంప్యూటర్ దాన్ని గుర్తే పట్టలేదు. అక్క ఇప్పటికీ దెప్పుతుంది. ఇంకోటి, ఎండ. వేడిలో ఆ గదుల్లోని ఆవేశం త్వరగా కారిపోతుంది. మన మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలే వస్తువులు కావు ఇవి.

నీ క్లాసిక్‌లో హార్డ్ డిస్క్ తీసేసి అడాప్టర్ బోర్డుతో మెమరీ కార్డు పెట్టొచ్చు. బరువు తగ్గుతుంది, ఛార్జింగ్ ఎక్కువసేపు వస్తుంది. కానీ క్లాసిక్ వెనక మూత మహా మొండిది, చేయి తిరగనివాడు తెరిస్తే రేకు వంకరపోతుంది. ప్రయాణం ముందు అలాంటి పని పెట్టుకోకు, తిరిగొచ్చాక చూద్దాం. ఇప్పటికి ఫోన్లో ఒక 128 జీబీ కార్డు వేసుకుని వెళ్లు. అదీ చవగ్గా వచ్చిందని ఆన్‌లైన్‌లో కొనకు. నేనొకటి అలాగే కొన్నాను. పైన 128 అని ఉంది, లోపల ఎనిమిదే. నింపుతున్నంతసేపు నింపుకుంది, తీరా చూస్తే చాలా పాటలు తెరుచుకోవు. కొనగానే నిండా నింపి, అన్నీ తిరిగి చదువుతోందో లేదో చూడాలి. నువ్వు ఎలాగూ సికింద్రాబాద్‌లో రైలు దిగుతావుగా, అక్కణ్నుంచి ఆటోలో సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్దాం, నా ఎదురుగా కొను. అయ్యాక ఇరానీ చాయ్ నీ ఖర్చు.

ముందు ఒక్కటి రాయి. ఆ 160 జీబీ పాటలకు ఇంట్లో ఇంకో కాపీ ఉందా? లేకపోతే ఇవాళే తియ్యి. గంటలు పడుతుంది, అంతసేపూ ఆ డిస్క్ తిరుగుతూనే ఉంటుంది. నేల మీద పెట్టి తియ్యి, మంచం మీద కాదు.

నీ
మురళి